లవంగం వాసన వేసిన స్టాంపులు

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఆబిడ్స్‌లో ఒక కాంప్లెక్స్ లిఫ్టు ఎక్కాను. లిఫ్టు నడిపే బిచ్చయ్య నన్ను చూసి స్టూలు మీంచి లేచి రెండో నంబరు నొక్కాడు. పొద్దున ఎనిమిదింటికి నాంపల్లిలో నా ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నది ఈయనే. చెప్పాల్సిందంతా అప్పుడే చెప్పేశాడు.

ఆయన కూతురు రజని ఇదే కాంప్లెక్స్ రెండో అంతస్తులో, జితేందర్ స్టాంపుల దుకాణంలో పనిచేస్తుంది. పాత స్టాంపులకు ఫోటోలు తీసి, వాటి మంచీ చెడూ రాసి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టడం ఆ పిల్ల పని. అలా రాసిన వాటిలో ఒకటి పచ్చి అబద్ధమని తేలింది. కొన్నాయన సాయంత్రం ఐదింటికి స్టేషన్‌కి పోయి రజని మీద చీటింగ్ కేసు పెడతానంటున్నాడు. ఇంకోపక్క రజనికి తపాలా శాఖలో ఉద్యోగం వచ్చింది. దాని పోలీసు వెరిఫికేషన్ కాగితం సరిగ్గా అదే స్టేషన్‌లో ఎవరి బల్ల మీదో పడి ఉంది.

"మూడుసార్లు రాసింది అమ్మా పరీక్ష. గిప్పుడొచ్చింది," అన్నాడు బిచ్చయ్య పొద్దున. "కేసు పడితే ఇగ రాదట గదా."

రాదు. కానీ ఆ మాట ఆయన మొహం మీద అనడానికి నాకు నోరు రాలేదు. చూద్దాం అన్నాను. ఇరవై రెండేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్న అహల్యకు, అంటే నాకు, అన్నిటికన్నా బాగా వచ్చిన మాట అదే.

దుకాణంలోకి అడుగుపెట్టగానే ఎదురుగా అంజన్ కనిపించాడు. ఆరేళ్లు నా దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, రెండేళ్ల కిందట సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని, పోతూ పోతూ నా క్లయింట్లలో సగం మందినీ నా కెటిల్‌నూ పట్టుకుపోయిన ఘనుడు. స్టాంపులు కొన్న హర్ష తరఫున వచ్చాడు. హర్ష బషీర్‌బాగ్‌లో పళ్ల డాక్టరు.

"మీరు లేట్ అయిన్రు మేడం," అన్నాడు అంజన్, కుర్చీలోంచి సగమే లేచి. "పని అయిపోయింది. పిల్ల ఒప్పుకుంది."

"ఏమని ఒప్పుకుంది?"

"నేనే రాసిన అని."

రజని మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్లుంటాయి. తల వంచుకోలేదు, ఏడవలేదు. అదే నాకు మొదట నచ్చలేదు. చెయ్యని తప్పు మీద పడితే మనిషి గింజుకుంటుంది, చేసిన తప్పు బయటపడితే వణుకుతుంది. ఈ పిల్ల బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

జితేందర్ కౌంటర్ వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచీ ఇదే వ్యాపారం, ఇదే గది. "అక్కా, డబ్బులు వాపస్ ఇస్తనని మూడుసార్లు చెప్పిన. డాక్టర్‌సాబ్ వినడు. ఆయనకు పైసలు గాదు, మనిషి కావాలె," అన్నాడు.

ఎందుకు వినడో అంజన్ చెప్పాడు. హర్ష ఆ స్టాంపుల్ని పోయిన వారం ఒక ఎగ్జిబిషన్‌లో అద్దాల ఫ్రేములో పెట్టి చూపించాడు. జడ్జీలు బయటికి తీసి చూసి, నలుగురిలో, ఫ్రేము కింద చీటీ అంటించారు. జిగురు తరువాత పూసినదని. పదిహేనేళ్లుగా సేకరిస్తున్న మనిషికి ఆ చీటీ చెంపదెబ్బ కన్నా ఎక్కువ.

స్టాంపుల సంగతి తెలియని వాళ్లకు ఇదంతా గోరంతను కొండంత చేసినట్టే ఉంటుంది. స్టాంపు వెనక జిగురు ఉంటుంది కదా, వీళ్లు గమ్ అంటారు. అచ్చయిన నాటి గమ్ అలాగే ఉంటే ఒక విలువ. గమ్ పోతే అందులో నాలుగో వంతు. పోయిన గమ్‌ను మళ్లీ పూసి ఒరిజినల్ అని చెబితే అది మోసం. కొత్త పట్టుచీరకూ, ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేసి కొత్తదని అంటగట్టిన చీరకూ ఉన్నంత తేడా.

అంజన్ ఫోన్ నా ముందు పెట్టాడు. రజని పెట్టిన వర్ణన. నిజాం కాలపు రూపాయి స్టాంపు, నాలుగు కలిసి విడదీయని బ్లాకు. "అచ్చయిన నాటి గమ్, చెక్కుచెదరలేదు. వామన్‌రావు గారి ద్వారా వచ్చినది." అంతే. వెనకవైపు ఫోటో ఒక్కటి, అది కూడా వెలుతురు తక్కువ.

నేను నా ఫోన్‌లో ఆ దుకాణం పేజీ తెరిచి వరసగా చదవడం మొదలుపెట్టాను. నాలుగొందలకు పైగా ఉన్నాయి, ఓ ముప్పై తిరగేశాను. అన్నిటిలోనూ ఒకటే పద్ధతి. ముందు లోపం, తర్వాత గొప్ప. "ఎడమ మూల అంచు పన్ను పొట్టిగా ఉంది. వెనక గోధుమరంగు మచ్చ. రంగు బాగుంది." సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకు పిల్ల మెల్లకన్ను గురించి ముందే చెప్పేసే తల్లిలా రాస్తోంది ఈ పిల్ల. అలాంటి మనిషి ఒక్క బ్లాకు దగ్గర ఒక్క లోపమూ రాయలేదు.

"రజనీ, ఇది ఎప్పుడు రాసినవ్?"

"జులై తొమ్మిది. పదకొండున్నరకు, మేడం."

"స్టాంపు వెనక చూసినవా?"

"చూసిన."

"ఏం కనబడ్డది?"

"గమ్ కనబడ్డది."

"ఒరిజినలేనా?"

"నేనే రాసిన గద మేడం." పాఠం అప్పచెప్పినట్టు అంది. ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

అంజన్ తన లెక్క విప్పాడు. వాడి దగ్గర ఎప్పుడూ టైములు ఉంటాయి, నేర్పింది నేనే. "జులై ఎనిమిది సాయంత్రం నాలుగింటికి బ్లాకు దుకాణానికి వచ్చింది. ఆరూ ఇరవైకి ఈ పిల్ల బ్యాగుతోటి బయటికి పోయింది, సీసీ కెమెరాల ఉన్నది. తొమ్మిదో తారీఖు పొద్దున తొమ్మిదీ యాభైకి వచ్చింది. పదకొండున్నరకు ఆన్‌లైన్ల పెట్టింది. రాత్రి ఇంట్ల గమ్ పూసింది. ఎక్కువ ధర పలికితే ఆమెకు కమిషన్. గంతే కథ."

"బ్లాకు తెచ్చినవా?"

తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్‌లో ఉంది. జితేందర్ బల్ల దీపం వెలిగించి లెన్స్ ఇచ్చాడు. పటకారుతో బ్లాకును వెనక్కి తిప్పాను. గమ్ పల్చగా, ఎక్కడా చార లేకుండా, పాల మీద మీగడ కట్టినట్టు సమంగా ఉంది. పూసిన చెయ్యి ఎవరిదో గానీ మహా నేర్పరి. చింపిన అంచున రంపంలా ఉన్న పళ్ల మీద బొటనవేలు మెల్లగా రాశాను. గరుకుగా గుచ్చుకుంది. అచ్చయినప్పటి గమ్ అయితే, చింపినప్పుడు పళ్ల చివర కాగితం నూగులా మెత్తగా ఉంటుంది. తర్వాత పూస్తే గమ్ ఆ నూగులోకి దిగి గట్టిపడుతుంది. జడ్జీలు చెప్పింది నిజమే.

"అంజన్, ఎనిమిదో తారీఖు రాత్రి వాన ఎంత పడింది?"

"గదెట్ల యాదికుంటది?"

"నాకు యాదికున్నది," అన్నాడు జితేందర్. "సెల్లార్ల నీళ్లొచ్చినయ్. లిఫ్టు గూడ తెల్లారి మధ్యాహ్నం దాంక బందే."

"అంత తేమలో పూసిన గమ్ ఒక్క రాత్రిలో ఆరదు. పైగా గమ్ పూసిన కాగితం ఎండని అప్పడంలా చుట్టుకుపోతుంది. బరువు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే గానీ చదునుగా రాదు. ఇది చూడు."

అంజన్ చూశాడు. బ్లాకు అద్దం మీద అద్దంలా పడి ఉంది.

"హెయిర్ డ్రయర్ పెట్టొచ్చు," అన్నాడు.

"పెడితే బుడగలు లేస్తాయి. లెన్స్ ఇదిగో, ఒక్కటి చూపించు."

వాడు లెన్స్ తీసుకుని రెండు నిమిషాలు చూసి బల్ల మీద పెట్టేశాడు. ఒకప్పుడు లెక్క ఇలా తప్పితే వాడికి నేనే టీ తెప్పించేదాన్ని. ఇప్పుడు నాకు లోలోపల సంతోషం వేసింది. దాని గురించి తర్వాత చాలాసేపు సిగ్గుపడ్డాను.

"అంటే ఈ దుకాణానికి వచ్చేటప్పటికే దీనికి గమ్ పూసి ఉంది," అన్నాను. "జితేందర్, రాసినట్టు ఇది వామన్‌రావు సారు దగ్గర్నుంచే వచ్చిందా?"

జితేందర్ మింగలేక కక్కలేక, "ఔ, సారే పంపిండు. వామన్‌రావు సార్," అన్నాడు.

"వచ్చినప్పుడు మీరు వెనక తిప్పి చూడలేదా?"

"సార్ కవరునా?" నేనేదో చెయ్యరాని పని చెయ్యమన్నట్టు చూశాడు. "అక్కా, హైదరాబాద్‌ల స్టాంపు పట్టుకునేటోళ్లందరికీ పటకారు పట్టుడు నేర్పింది సారే. మా నాయినకు నేర్పిండు, నాకు నేర్పిండు. ఆయన కవరు మీద ఏం రాసిస్తే గదే మేం రాస్తం. విప్పి దీపం కింద పెడితే ఆయనను దొంగ అన్నట్టే గదా. మీరైతే పెడ్తరా?"

పెట్టను. నేను మాత్రమే కాదు, ఈ ఊళ్లో ఎవరూ పెట్టరు. కొనేటప్పుడు వెనక ఫోటో అడిగి, వాపసు గడువు చూసుకుని, సర్టిఫికెట్ ఉందా అని పదిసార్లు అడిగే హర్ష కూడా వామన్‌రావు పేరు చూసి ఏమీ అడగకుండా కొనేశాడు. తొలి తప్పు అందరమూ కలిసి చేసినదే.

"ఆ కవరేది?"

జితేందర్ దగ్గర ప్రతి కవరూ ఉంటుంది. స్టాంపు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రుజువు అని, నంబర్లు వేసి రేకుపెట్టెలో దాస్తాడు. పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించాడు. జులైవి వరసగా పేర్చాం. పద్నాలుగు తర్వాత పదహారు ఉంది. పదిహేను లేదు.

"నేనే పారేసిన," అంది రజని, ఎవరూ అడగకముందే.

అంజన్ లేచి నిలబడ్డాడు. "చూసిన్రా మేడం. సాక్ష్యం మాయం చేసింది."

"బుర్ర పెట్టి ఆలోచించు అంజన్. ఆ కవరు మీద సార్ చేతిరాతతో ఒరిజినల్ గమ్ అని ఉంటే ఈ పిల్ల బయటపడుతుంది. తనను కాపాడే కాగితాన్ని తనే పారేసే దొంగను ఎక్కడన్నా చూశావా?"

రజని మొదటిసారి నా వైపు చూసింది. వద్దని బతిమాలుతున్నట్టు చూసింది. నాకు అర్థమైంది అనుకున్నాను. సగమే అర్థమైంది.

బ్లాకును కవర్‌లో పెట్టబోతూ పాత అలవాటు కొద్దీ దాని మీద నోటితో గాలి ఊదాను. ఊదితే గమ్ తడి పీల్చుకుని రంగు తేలుతుందని చిన్నప్పుడు నేర్చుకున్నాను. రంగు సంగతి తర్వాత. ముందు లవంగం వాసన వచ్చింది. తుమ్మజిగురు పాడవకుండా అందులో రెండు చుక్కలు లవంగ నూనె వేసే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆ వాసన ఉన్న గదిలో నేను పదేళ్ల వయసులో చాప మీద కూర్చుని స్టాంపులు అంటించాను. మా నాన్న నన్ను ఆదివారాలు అక్కడికే తీసుకుపోయేవాడు. బ్లాకును గబగబా కవర్‌లో పెట్టేశాను.

"ఏం దొరికింది మేడం?" అన్నాడు అంజన్.

"ఏం లేదు. నాలుగున్నరకల్లా వస్తా. మీ డాక్టర్ని అప్పటిదాకా ఆపు."

మూడూ పదికి నాంపల్లిలో ఆ ఇంటి తలుపు తట్టాను. వామన్‌రావు సారుకు ఎనభై రెండేళ్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఒంటరిగా ఉంటారు, ఒంటరిగా ఉన్నట్టు కనిపించరు. ఇంటి నిండా ఎప్పుడూ ఎవరో ఒకరి పిల్లలు చదువుకుంటూ ఉంటారు. ఆ రోజు ఎవరూ లేరు. శాలువా కప్పుకుని ఈజీచైర్‌లో కూర్చున్నారు.

"అహల్యా, కూర్చో బిడ్డా. ఎన్నాళ్లకు," అన్నారు.

"సార్, హర్ష కొన్న రూపాయి బ్లాకుకు గమ్ ఎవరు పూశారు?"

ఉపోద్ఘాతం లేకుండా అడిగాను. ఏదో ఒకటి మాట్లాడటం మొదలుపెడితే అసలుది అడగలేనని భయం. ఆయన కళ్లజోడు వెనక కళ్లు రెండుసార్లు ఆర్పారు.

"తెలిసిపోయిందా," అన్నారు. "మంచిదే. మస్తు రోజులైంది నిద్రపోక."

"ఎందుకు చేశారు సార్?"

"పంతొమ్మిదొందల ఎనభై ఒకటిల నువ్వు గీడనే ఉన్నవ్ గదా."

ఉన్నాను. ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. స్టాంపుల గమ్ తేమకు కరిగి, ఆల్బం పేజీలకు అంటుకుని, బూజు పట్టి గోధుమ మచ్చలు తేలాయి. సారు అప్పుడు నాంపల్లి స్టాంపు మిత్రమండలికి సెక్రటరీ. సభ్యులందర్నీ పిలిచి, బల్ల మీద బేసిన్ పెట్టి, గమ్ కడిగేస్తే స్టాంపు వందేళ్లు బతుకుతుందని చేసి చూపించారు. ఆయన చెప్పాక ఇంకెవరు ఆలోచిస్తారు? నలభై కుటుంబాల వాళ్లు తమ స్టాంపులు తెచ్చి ఆ బేసిన్‌లో ముంచారు. వాళ్లలో మా నాన్న ఒకడు. బోరింగ్ నుంచి బకెట్లతో నీళ్లు మోసింది నేను.

"నేను చెప్పింది తప్పు గాదు అహల్యా. స్టాంపులు నిజంగనే బతికినయ్. ఒక్క మచ్చ లేదు ఇయ్యాల్టికి. గానీ లోకమంత గమ్‌కే విలువ కడ్తదని నాకు తెల్వకపాయె. ఇప్పుడు గా నలభై ఇండ్లల్ల మొగోళ్లు పోయిన్రు. భార్యలు, పిల్లలు ఆల్బంలు పట్టుకుని నా దగ్గరికే వస్తరు. సార్, ఏమొస్తది చెప్పుండ్రి అంటరు. ఏం చెప్పాలె? మీ ఆయన మంచిగనే పెట్టిండమ్మా, నేనే కడిగిపిచ్చిన అని చెప్పాల్నా?"

"చెప్పాల్సింది సార్."

"ఔ. చెప్పాల్సింది. గట్లనే విద్యావతమ్మ వచ్చింది, గా బ్లాకు పట్టుకుని. కళ్ల ఆపరేషన్ ఉన్నది ఆమెకు. వారం ఉంచమ్మా అన్న. నోరు రాలే బిడ్డా. ఒక్క పైస నేను ముట్టలే."

"తెలుసు."

"మీ నాయిన స్టాంపులు గూడ నేనే పాడుచేసిన. నన్ను మాఫ్ చెయ్."

నాకు ఏడుపు వచ్చింది. మా నాన్న ఆ స్టాంపులు ఎన్నడూ అమ్మలేదు, వాటి విలువ ఏంటో ఆయనకు అక్కర్లేదు. ఆ మాట చెబితే సారు మనసు తేలికపడేది. చెప్పలేదు. నా తొందర వేరే ఉంది.

"సార్, హర్ష ఐదింటికి కేసు పెడుతున్నాడు. మీ మీద కాదు. రజని మీద."

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "రజని మీదనా? గా పిల్ల చెప్పిందా ఏమన్న?"

"ఏమీ చెప్పలేదు. మీ కవరు కూడా పారేసింది. మిమ్మల్ని కాపాడాలని నేనే రాసిన అంటోంది. దాని ఉద్యోగం పోతుంది సార్."

"అంత నేనే చేసిన," అన్నారు గబగబా. "గమ్ కలిపింది నేను, పూసింది నేను, కవరు మీద అబద్ధం రాసింది నేను. గా పిల్లకేం తెల్వదు. రాస్కో. పద, నేనే వచ్చి చెప్త."

ఆ గబగబా మాట్లాడ్డం దగ్గర నేను ఆగాల్సింది. జీవితమంతా లెక్క మెట్టు మెట్టుగా చెప్పిన మనిషి, ఒక్క గుక్కలో జవాబు చెప్పేస్తున్నాడంటే మధ్యలో ఒక మెట్టు ఎగ్గొట్టాడని అర్థం. ఆగలేదు. ఆటో పిలిచాను. బయటికొచ్చాక తాళం నా చేతికిచ్చి వెయ్యమన్నారు, వేశాను.

నాలుగూ ముప్పై ఐదుకు దుకాణంలో అందరూ ఉన్నారు. హర్ష అప్పటికే వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. సారును చూడగానే కాళ్లకు దండం పెట్టబోయాడు. సారు వెనక్కి జరిగారు.

"వద్దు డాక్టర్‌సాబ్. నీ బ్లాకుకు గమ్ పూసింది నేనే. ఒరిజినల్ అని కవరు మీద రాసింది నేనే. గీ పిల్ల నా రాత చూసి టైపు చేసింది, గంతే. కేసు నా మీద పెట్టు."

జితేందర్ తల పట్టుకున్నాడు. హర్ష నమ్మలేనట్టు నా వైపూ సారు వైపూ చూశాడు. కోపం ఎటు పోవాలో తెలియని మనిషిలా ఉన్నాడు. "సార్, మీరా?" అన్నాడు. "మీరైతే నాకే చెప్పొచ్చు కదా. నేను అట్లనే కొనేవాణ్ని." గొంతు మెత్తబడింది. కేసు మాట మళ్లీ ఎత్తడని నాకు తెలిసిపోయింది. ఎనభై రెండేళ్ల గురువు మీద ఎవడు పెడతాడు?

రజని మాత్రం స్టూలు మీంచి లేచి, "సార్, మీరు ఎందుకొచ్చిన్రు? పోండ్రి సార్, ఇంటికి పోండ్రి," అంటోంది.

అక్కడితో అయిపోయేది. అయిపోనివ్వాల్సింది.

"ఒక్క నిమిషం," అన్నాడు అంజన్. "సార్ పెద్దమనిషి. పిల్ల కోసం తన మీద వేసుకుంటుండు అని నాకు అనుమానం. సార్, తప్పు పట్టుకోకండి. ఒక్కసారి పూసి చూపిస్తరా?"

"నీకు బుద్ధి ఉందా?" అన్నాడు జితేందర్.

అంజన్ నన్నే చూస్తున్నాడు. మధ్యాహ్నం లెన్స్ దగ్గర ఓడిపోయిన కసి వాడి కళ్లలో ఉంది. నా కళ్లలో ఏముందో నాకు కనబడలేదు గానీ, వాడి నోరు శాశ్వతంగా మూయించాలని నాకు అనిపించిన మాట నిజం.

"చూపించండి సార్," అన్నాను.

ఆ రెండు మాటలూ నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

జితేందర్ గమ్ సీసా, కుంచె, తెల్లకాగితం ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. సారు శాలువా లోంచి కుడిచెయ్యి తీశారు. చెయ్యి ఊగుతోంది. కుంచె పట్టుకోగానే ఇంకా ఎక్కువ ఊగింది. సీసాలో ముంచి తీసేసరికి రెండు చుక్కలు బల్ల మీద, ఒకటి ఆయన ధోవతి మీద పడ్డాయి. కాగితం మీద పెట్టిన గీత వంకర్లు తిరిగి, ముద్దలు కట్టి, మధ్యలోనే ఆగింది. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. చెమట పట్టింది. ఇంటి తాళం కూడా తిప్పగలిగే చెయ్యి కాదిది. అందుకే నాకిచ్చారు.

"చాలు సార్," అన్నాను. ఎవరికి వినపడిందో తెలియదు.

మూడోసారి కుంచె చేతిలోంచి జారింది. అది కింద పడకముందే రజని పట్టుకుంది.

"ఇడవండ్రి సార్," అంది మెల్లగా.

ఆయన వద్దంటూ తల ఊపారు. రజని సీసా అంచుకు కుంచెను రెండుసార్లు ఒత్తి, కాగితం మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒక్క ఊపులో లాగింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. చార లేదు, ముద్ద లేదు. పల్చగా, సమంగా, పాల మీద మీగడ కట్టినట్టు. అందరం చూస్తూ నిలబడ్డాం.

"సార్ చేతులు మూడేండ్ల సంది గిట్లనే ఉన్నయి," అంది. "గమ్ సార్ కలిపిండు. పూసింది నేను. తెలిసే పూసిన. సార్ ముంగట విద్యావతమ్మ ఏడుస్తుంటే నేను గాడనే ఉన్న. నాకు పరీక్ష చదువు చెప్పిండు సార్, మూడేండ్లు, ఫీజు అడగకుండ. వద్దు సార్ అని నేను చెప్పొచ్చు. చెప్పలే."

"రజనీ, ఊకో," అన్నారు సారు. ఆయన గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నేనే చెయ్యమన్న. చేసిన పాపం నాది."

హర్ష మొహంలో మెత్తదనం పోయింది. ఒక్క మాటే అడిగాడు. "ఇదొక్కటేనా?"

రజని సారు వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"ముప్పై ఏడు," అంది రజని.

"అందులో నేను కొన్నవి?"

"ఆరు, సార్."

నాలుగొందల వర్ణనల్లో ముప్పై చదివి, ఈ పిల్ల లోపం ముందు రాస్తుందని తీర్మానించిన డిటెక్టివ్‌ను నేను. మధ్యాహ్నం ఈ గదిలో ఉన్నది ఒక్క తప్పు వర్ణన. పొరపాటున రాసింది, నేర్చుకునే పిల్ల అని ఏ కుర్ర వకీలైనా కొట్టిపడేయించేవాడు. ఇప్పుడు ముప్పై ఏడు ఉన్నాయి. అన్నీ రజని లాగిన్ మీద, తెలిసే చేశానన్న మాటతో, ఐదుగురు సాక్షుల ముందు. ఆ సాక్షుల్ని ఒక చోట చేర్చింది నేను.

హర్ష ఫోన్ తీసి బయటికి నడిచాడు. అంజన్ వెంట పోలేదు. కుంచె గీతల వైపు చూస్తూ, "మేడం, నేను ఇంత అనుకోలే," అన్నాడు. నేనూ అనుకోలేదు. అది చెప్పినా రజనికి ఒరిగేదేమీ లేదు.

ఐదైంది. లిఫ్టు డ్యూటీ ముగించుకుని బిచ్చయ్య టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. లోపల సారును చూసి ఆయన మొహం విప్పారింది. "సారే వచ్చిండా. ఇగ ఫికర్ లేదు," అన్నాడు, నాకు దండం పెడుతూ.

రజని చేతికి అంటిన గమ్ చున్నీకి తుడుచుకుంది.

"బాపూ, నువ్వు ఇంటికి పో," అంది. "నాకు లేటైతదని అమ్మకు చెప్పు."

"ఎంత లేటైతది బిడ్డా?" అన్నాడు బిచ్చయ్య.

రజని వంగి బల్ల మీది గమ్ చుక్కలు తుడవడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు చూసి, అదే ప్రశ్న నన్ను అడిగాడు.